బొమ్మలు నేర్చుకునే హక్కు

(స్త్రీల హక్కుల మీద జరిగిన రెండు రోజుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ మనం కూలి రేట్ల గురించి, ఆస్తి హక్కు గురించి, కోర్టుల్లో నలుగుతున్న కేసుల గురించి మాట్లాడుకుంటున్నాం. వీటి మధ్య బొమ్మల సంగతేమిటని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. ఇందాక టీ తాగేటప్పుడు ఒక మిత్రురాలు అడగనే అడిగింది, "వందేళ్ల కిందటి పారిస్‌లో ఒక జమీందారీ పిల్ల బొమ్మలేసుకుంటే మనకేమిటండీ?" అని. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ఒక్కచోట చెప్పలేను, మాటల్లో అక్కడక్కడా వస్తుంది.

ఆ జమీందారీ పిల్ల పేరు మరీ బష్కిర్త్సెఫ్. 1858లో పొల్తావా దగ్గర, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టింది. 1884లో పారిస్‌లో క్షయతో చనిపోయింది. అప్పటికి ఇరవై ఆరేళ్లు కూడా నిండలేదు. బొమ్మలు నేర్చుకున్నది, వేసింది అంతా కలిపి ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో ఆమెకు అడుగడుగునా ఏ గోడలు ఎదురయ్యాయో, ఆ గోడలు ఎవరు కట్టారో చూస్తే ఆ కాలపు స్త్రీల చదువు చరిత్ర చాలావరకు అర్థమవుతుంది. ఆమె తన సంగతులన్నీ డైరీలో రాసుకుంది కాబట్టి మనకా అవకాశం ఉంది. రాసుకోని వాళ్లు ఎంతమందో!

ముందు ఆ గోడల సంగతి. లిండా నాక్లిన్ అనే అమెరికన్ కళాచరిత్రకారిణి 1971లో ఒక వ్యాసం రాసింది. గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరు అనేది ఆ వ్యాసం పేరు. అప్పటిదాకా ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు ఉండేవి. ఒకటి, ఆడవాళ్లకు ఆ ప్రతిభ లేదు అని. రెండోది, ఉన్నారు, మనం వెతకలేదు అని. నాక్లిన్ మూడో దారి పట్టింది. ప్రతిభ సంగతి తర్వాత, అసలు నేర్పిన వాళ్లెవరు, ఎక్కడ నేర్పారు, ఎవరిని లోపలికి రానిచ్చారు అని అడిగింది. చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. కానీ ప్రశ్న అలా మార్చేసరికి మొత్తం చరిత్రే మారిపోయింది.

ఆ రోజుల్లో యూరప్‌లో చిత్రకళకు ఒక మెట్ల వరుస ఉండేది. పై మెట్టు మీద పురాణాలు, చరిత్ర, బైబిలు కథలను చూపే పెద్ద పెద్ద చిత్రాలు. ఆ కింద మనుషుల రూపచిత్రాలు, సంసార దృశ్యాలు, చెట్లూ కొండలూ. అన్నిటికన్నా కింద పూలూ పళ్లూ కూజాలూ. పై మెట్టు ఎక్కాలంటే మనిషి ఒళ్లు గీయడం రావాలి. ఏ కండ ఎక్కడ బిగుస్తుంది, చెయ్యెత్తితే పక్కటెముక ఎలా కదులుతుంది, ఇవన్నీ చేతికి రావాలి. అందుకు బట్టలు లేని మోడల్‌ను ఎదురుగా నిలబెట్టుకుని సంవత్సరాల తరబడి గీయాలి. ఆ గదిలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. అది అశ్లీలం. ఇందులో ఒక విచిత్రం గమనించండి. ఆ గదిలో బట్టలు విప్పి నిలబడే పేద ఆడదానికి మాత్రం ప్రవేశం ఉంది. కుంచె పట్టుకునే ఆడదానికే లేదు.

ఈత నేర్పం, నీళ్లలో దిగనివ్వం, ఆడవాళ్లలో ఈతగాళ్లు లేరేం అని మాత్రం అడుగుతూ ఉంటాం. ఇదీ వరస.

లండన్‌లో రాయల్ అకాడమీని 1768లో స్థాపించినప్పుడు స్థాపక సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు, ఏంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. కొన్నేళ్లకు జొఫనీ అనే చిత్రకారుడు అకాడమీ సభ్యులు మోడల్ చుట్టూ చేరినట్టు ఒక చిత్రం వేశాడు. మగ సభ్యులు గదిలో ఉన్నారు. ఈ ఇద్దరూ లేరు. మోడల్ ఒంటి మీద బట్టలు లేవు కాబట్టి ఆడవాళ్లను ఆ గదిలో చూపించకూడదు. అందుకని వాళ్లిద్దరి ముఖాలను గోడకు వేలాడే పటాలుగా వేశాడు! సభ్యులేమో సభ్యులే, కానీ గోడ మీద. ఆ తర్వాత నూట యాభై ఏళ్లపాటు ఆ అకాడమీలో మరో స్త్రీకి సభ్యత్వం రాలేదు. 1922లో యానీ స్విన్నర్టన్‌ను అసోసియేట్‌గా తీసుకున్నారు. పూర్తి సభ్యత్వం 1936లో లారా నైట్‌కు వచ్చింది. ఇక అకాడమీ బడిలో మొదటి విద్యార్థిని చేరింది 1860లో. లారా హెర్‌ఫర్డ్ తన బొమ్మల మీద పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరాలు వేసి పంపింది. ఎవరో అబ్బాయి అనుకుని సీటిచ్చేశారు. తీరా చూస్తే అమ్మాయి. వద్దనడానికి నియమాలు తిరగేస్తే స్త్రీలు చేరకూడదని ఎక్కడా రాసిలేదు. అది రాయాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదన్నమాట.

పారిస్‌లో పరిస్థితి ఇంకా గట్టిది. అక్కడ ఎకోల్ దె బోజార్ అని ప్రభుత్వ చిత్రకళాశాల ఉంది. ఫీజు లేదు. మంచి గురువులు, మోడళ్లు, గ్రంథాలయం, శరీర శాస్త్రం పాఠాలు, అన్నీ ప్రజల పన్నుల డబ్బుతోనే. అందులో చదివిన వాళ్లు రోమ్ బహుమతికి పోటీ పడొచ్చు. గెలిచినవాడు ప్రభుత్వ ఖర్చు మీద కొన్నేళ్లు రోమ్‌లో ఉండి చదువుకుంటాడు, తిరిగొచ్చాక ప్రభుత్వ పనులు వెతుక్కుంటూ వస్తాయి. 1897 దాకా ఆ గేటు ఆడవాళ్లకు తెరుచుకోలేదు. పన్నులు కట్టేటప్పుడు మాత్రం ఆడా మగా తేడా చూడలేదు.

మరి అలాంటప్పుడు నేర్చుకున్న వాళ్లు ఎలా నేర్చుకున్నారు? ఎక్కువమందికి తండ్రే గురువు. రోజా బొనర్ సంగతి చూడండి. 1822లో పుట్టింది. తండ్రి చిత్రకారుడు, స్త్రీ పురుషులు సమానమని నమ్మిన సాన్ సిమోన్ బృందంలో తిరిగినవాడు. పిల్లలందరికీ ఇంట్లోనే నేర్పాడు. ఆమెకు జంతువులంటే ప్రాణం. ఎద్దుల్నీ గుర్రాల్నీ గీయాలంటే సంతలకూ కబేళాలకూ పోవాలి. నేల దాకా జీరాడే గౌన్లతో ఆ పేడలో, ఆ నెత్తుట్లో తిరగడం ఎలా? పైగా ఆ మగమందలో ఆడమనిషి కనిపిస్తే వేళాకోళాలు. పాంటు వేసుకుందామంటే పారిస్‌లో 1800 నాటి పోలీసు ఉత్తర్వు ఒకటుంది. స్త్రీలు మగ దుస్తులు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలి, డాక్టరు సంతకం కావాలి. బొనర్ తీసుకున్న అనుమతి పత్రాల్లో 1857 నాటిది ఒకటి మిగిలింది. ఆరోగ్య కారణాల మీద ఆరు నెలలకు ఇచ్చారు, గడువు తీరాక మళ్లీ తీసుకోవాలి. నాటకాలకు, నాట్యాలకు, జనం కూడే చోట్లకు ఆ బట్టల్లో పోకూడదని షరతు. బొమ్మలు వేయడానికి పాంటు వేసుకోవడం ఒక జబ్బుగా లెక్కన్నమాట! ఆ ఉత్తర్వుకు ఇక విలువ లేదని ఫ్రెంచి ప్రభుత్వం ప్రకటించింది ఎప్పుడనుకుంటున్నారు? 2013లో.

ఆ పాంటుతోనే ఆమె గుర్రాల సంత చిత్రం సిద్ధం చేసి 1853లో ప్రదర్శించింది. అది ఇప్పుడు న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆ బొమ్మల డబ్బుతో పారిస్ బయట బీ అనే ఊళ్లో సొంత బంగళా కొనుక్కుంది. పెళ్లి చేసుకోలేదు, నతాలీ మికాస్ అనే స్నేహితురాలితో కలిసి బతికింది. 1865లో మహారాణి యూజెనీ స్వయంగా ఆ ఇంటికొచ్చి లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం గుచ్చింది. చిత్రకళలో ఆ పతకం అందుకున్న మొదటి స్త్రీ ఆమె. తండ్రి చిత్రకారుడు కాకపోతే ఇవేవీ లేవు. ఆ మాట మర్చిపోకూడదు.

ఇంకో ఇంటి సంగతి కూడా చెప్పి మరీ దగ్గరికి వస్తాను. మొరీసో అక్కచెల్లెళ్లు ఎద్మా, బెర్త్. కలిగిన కుటుంబం. ఆడపిల్లలకు కాస్త సంగీతం, కాస్త బొమ్మలు పెళ్లిచూపులకు పనికొస్తాయని తల్లి ఒక మాస్టారిని పెట్టింది. (ఈ లెక్క మనకూ తెలిసిందే.) గిషార్ అనే ఆ మాస్టారు కొన్నాళ్లు చూసి కంగారుపడి తల్లిని హెచ్చరించాడు. ఈ పిల్లలకు మామూలు సరదా ప్రతిభ కాదు, వీళ్లు నిజంగా చిత్రకారులైపోతారు, మీలాంటి ఇళ్లల్లో అది ఉపద్రవమే, ఆలోచించుకోండి అని. తల్లి మాన్పించలేదు, అది ఆమె గొప్ప. ఎద్మా 1869లో ఒక నౌకాదళ అధికారిని పెళ్లి చేసుకుంది, కుంచె పక్కన పెట్టేసింది. బెర్త్ ముప్పై దాటాక పెళ్లి చేసుకుంది, వేయడం మానలేదు. 1874లో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో ఆమె బొమ్మలున్నాయి. 1895లో చనిపోయినప్పుడు మరణ ధ్రువపత్రంలో వృత్తి అన్నచోట ఏం రాశారో తెలుసా? ఏ వృత్తీ లేదు అని.

ఇక మరీ. ఈమెకు చిత్రకారుడైన తండ్రి లేడు. తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి రష్యాలో భూములు చూసుకుంటూ ఉండిపోయాడు. తల్లి, పినతల్లి, తాత పిల్లను వెంటబెట్టుకుని యూరప్ అంతా తిరిగి దక్షిణ ఫ్రాన్స్‌లో నీస్ నగరంలో స్థిరపడ్డారు. డబ్బుకు లోటు లేదు. పాడాలని, రంగస్థలం మీద వెలగాలని చిన్నప్పటి కోరిక. జబ్బు వల్ల గొంతు పోయింది. 1877 అక్టోబర్‌లో పారిస్‌లో జూలియన్ అకాడమీలో చేరింది.

జూలియన్ అకాడమీ ప్రైవేటు సంస్థ. రొడోల్ఫ్ జూలియన్ అనే చిత్రకారుడు 1868లో పెట్టాడు. ఎకోల్ దె బోజార్ ప్రవేశ పరీక్షకు అబ్బాయిలను తయారుచేయడం మొదట్లో పని. స్త్రీలకు వేరే చోటు లేదు గనుక యూరప్ నలుమూలల నుంచీ, అమెరికా నుంచీ ఆడపిల్లలు ఇతని దగ్గరికి వచ్చేవారు. ఇతను తెలివిగలవాడు, వ్యాపారం తెలిసినవాడు. స్త్రీలకు విడిగా స్టూడియోలు పెట్టాడు, అక్కడ మోడల్‌ను చూసి గీయడం నేర్పించాడు. ఫీజు మాత్రం మగవాళ్లకంటే రెట్టింపు. గురువులు వచ్చి దిద్దేది మాత్రం మగవాళ్ల దగ్గరే ఎక్కువ. అబ్బాయికి ఇక్కడ నచ్చకపోతే ప్రభుత్వ బడి ఉంది, అక్కడ ఉచితం. అమ్మాయికి ఇదే దిక్కు. వేరే దిక్కు లేని వాళ్ల దగ్గర ఎక్కువ గుంజడం ఏ వ్యాపారికైనా తెలిసిన విద్యే. అయినా ఒక మాట అనాలి. గుంజినా నేర్పాడు. ప్రభుత్వం అదీ చెయ్యలేదు.

మరీ పొద్దున్నే ఎనిమిదింటికల్లా అక్కడ ఉండేది. రాత్రిపూట కూడా గీసేది. తోనీ రొబేర్ ఫ్లరీ అనే ఆయన వచ్చి దిద్దేవాడు. చాలా ఆలస్యంగా మొదలుపెట్టానన్న దిగులు ఆమెది. పంతొమ్మిదేళ్లకు ఆలస్యమేమిటి అనిపిస్తుంది మనకు. కానీ అబ్బాయిలు పన్నెండు, పదమూడేళ్లకే మొదలుపెట్టేవారు. ఆ పోయిన సంవత్సరాల లెక్క ఆమె డైరీలో మళ్లీ మళ్లీ వస్తుంది.

1881లో జూలియన్ ఒక సలహా ఇచ్చాడు, స్త్రీల స్టూడియోనే బొమ్మగా వెయ్యి, ఎవరూ వెయ్యలేదు అని. అకాడమీకి అది ప్రకటనలా పనికొస్తుందని అతని లెక్క. ఆమె వేసింది. ఆ చిత్రం ఉక్రెయిన్‌లో ద్నిప్రో నగర మ్యూజియం సేకరణలోది. ఇరుకు గది, కిక్కిరిసి కూర్చున్న ఆడవాళ్లు, ఈజిళ్లు, గోడకు అస్థిపంజరం. ఒకామె గీస్తోంది, ఒకామె పక్కామె బొమ్మ వైపు చూస్తోంది. ఎదురుగా ఎత్తు మీద మోడల్. ఎవరా మోడల్? నడుముకు గుడ్డ చుట్టుకున్న చిన్న కుర్రాడు. నిజానికి ఆ స్టూడియోలో పెద్దవాళ్లనూ గీసేవారు. కానీ జనం ముందు పెట్టే బొమ్మలో చిన్నపిల్లాణ్ణి చూపించడమే క్షేమం. ఆడవాళ్లు ఒక గదిలో కూర్చుని పని చేయడాన్ని ఇంత మామూలుగా, ఏ అలంకారమూ లేకుండా చూపించిన బొమ్మ ఆ కాలంలో నాకు తెలిసినంతలో బహు అరుదు. ఎవరూ మన వైపు చూసి నవ్వడం లేదు. నాకది ఇష్టం.

ఇప్పుడు డబ్బుతో కొనలేని దాని గురించి. మరీకి బండి ఉంది, పనిమనిషి ఉంది. మ్యూజియానికి పోవాలన్నా బండి కోసం, తోడు వచ్చే మనిషి కోసం ఎదురుచూడాలి. పెళ్లికాని మంచి ఇంటి పిల్ల ఒంటరిగా వీధిలో కనిపించకూడదు. 1879 జనవరిలో డైరీలో ఈ సంగతే రాసుకుంది. తనకు కావలసింది ఒక్కతే బయటికి పోవడం, తోటలో బెంచీ మీద కూర్చోవడం, దుకాణాల అద్దాల ముందు ఆగడం, రాత్రిళ్లు పాత వీధుల్లో తిరగడం అని, ఈ స్వేచ్ఛ లేనిదే నిజమైన కళాకారులు కాలేరని ఆమె బాధ. ఆ మాటల్లో ఎక్కడా పెద్ద పెద్ద ఆశయాలు లేవు, గమనించండి. బెంచీ మీద కూర్చోవడం! అదే వయసు అబ్బాయి జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని సంత, రైలు స్టేషను, సారా దుకాణం అన్నీ తిరిగి వందల స్కెచ్‌లు గీసుకొచ్చేవాడు. తర్వాత ఆధునిక చిత్రకళ అంటే నగర జీవితం అని నిర్ణయమైనప్పుడు, ఆ నగరాన్ని చూసే వీలు ఎవరికి ఉంది? మొరీసో బొమ్మల్లో బాల్కనీలూ, తోటలూ, ఉయ్యాలలూ ఎందుకు ఎక్కువో దీన్నిబట్టి ఆలోచించాలి. సున్నితమైన స్త్రీ హృదయం అని విమర్శకులు రాశారు. హృదయం సంగతేమో గానీ, ఆమెను పోనిచ్చింది అక్కడిదాకానే.

దీన్ని చదివినప్పుడు నాకు మా కాలేజీ గుర్తొస్తుంది. పేరెందుకు లెండి. మా ఫిగర్ క్లాసు సాయంత్రం ఐదున్నరకు మొదలయ్యేది. ఆడపిల్లల హాస్టలు గేటు ఆరింటికి మూసేవారు. క్లాసుకు రావద్దని మాకు ఎవరూ చెప్పలేదు. రిజిస్టరులో మా పేర్లూ ఉండేవి. మేం నలుగురం పూలకుండీలు బాగా వేస్తామని మాకు పేరు.

మళ్లీ పారిస్‌కు. 1880 చివరికల్లా మరీ యుబెర్తిన్ ఓక్లేర్ బృందంతో పరిచయం చేసుకుంది. ఓక్లేర్ ఫ్రాన్స్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన మొదటి తరం నాయకురాలు. ఓటు లేనప్పుడు పన్నెందుకు కట్టాలని కట్టకుండా నిలబడిన మనిషి. 1881 ఫిబ్రవరిలో లా సిత్వాయెన్, అంటే పౌరురాలు అనే పత్రిక మొదలుపెట్టింది. మరీ దానికి డబ్బు సాయం చేసింది, వ్యాసాలు రాసింది. పొలీన్ ఒరెల్ అనే మారుపేరుతో. మార్చి నెలలో వచ్చిన వ్యాసం స్త్రీ కళాకారుల గురించే. అందులో ఎకోల్ దె బోజార్‌ను నేరుగా నిలదీసింది. గొప్ప చిత్రకారిణులు ఏరీ అని వెటకారంగా అడిగే పెద్దమనుషులే వాళ్లు చదువుకునే చోటికి తాళం వేశారని ఎత్తిచూపింది. నాక్లిన్ వ్యాసానికి తొంభై ఏళ్ల ముందు!

మారుపేరెందుకు? ఇంట్లో తెలిస్తే గొడవ, సమాజంలో తెలిస్తే పెళ్లి సంబంధాలు పోతాయి, బొమ్మలు ఎంపిక చేసే కమిటీలోని మగవాళ్లకు తెలిస్తే సలోన్ పోతుంది. సలోన్ అంటే పారిస్‌లో ఏటా జరిగే పెద్ద ప్రదర్శన. అందులో బొమ్మ పడితేనే చిత్రకారుడని గుర్తింపు. కొందరు ఆమెను పిరికిదంటారు. నేననను. మన పత్రికల్లో ఎంతమంది మారుపేర్లతో రాశారో మనకు తెలియదా?

ఇప్పుడు మా మిత్రురాలి ప్రశ్న దగ్గరికి. మరీకి స్టూడియోలో ఒక పోటీదారు ఉంది, లూయీజ్ బ్రెస్లౌ. తండ్రి డాక్టరు, ఆమె చిన్నప్పుడే పోయాడు. జ్యూరిచ్‌లో పెరిగింది. డబ్బు లేదు, పైగా ఉబ్బసం. మరీ డైరీ నిండా ఈమె మీద అసూయే. అయితే ఆ అసూయలో ఒక విచిత్రమైన మాట ఉంది. బ్రెస్లౌ పేదది కాబట్టి అదృష్టవంతురాలు అన్నట్టు రాస్తుంది. కళాకారుల మధ్య బతుకుతుంది, తనలా బంగారు పంజరంలో లేదు అని. చదివితే ఒళ్లు మండుతుంది. రెట్టింపు ఫీజు ఎలా కట్టాలా అని దిగులుపడే పిల్ల అదృష్టవంతురాలా? కానీ ఆ మాటను అంతటితో కొట్టిపారేయలేం. ఒకామెను డబ్బు లేకపోవడం ఆపుతోంది, మరొకామెను డబ్బుతో వచ్చిన పరువు ఆపుతోంది. ఇద్దరూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు చూసి కుళ్లుకుంటున్నారు. 1881 సలోన్‌లో బ్రెస్లౌ తన స్నేహితురాళ్ల చిత్రానికి ప్రశంస సంపాదించింది. ఆ తర్వాత రూపచిత్రాలు వేసి తన కాళ్ల మీద తను బతికింది. 1901లో ఫ్రెంచి ప్రభుత్వం ఆమెకు లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. 1927 దాకా జీవించింది. మరీ పేరు లోకమంతా తెలుసు. బ్రెస్లౌ పేరు మీలో ఎంతమంది విన్నారు?

ఇంకా కింది మెట్టు చూడండి. సుజాన్ వలాదోన్. 1865లో పుట్టింది. తల్లి బట్టలుతికి, ఇళ్లు తుడిచి పెంచింది, తండ్రెవరో తెలియదు. సర్కసులో గారడీలు చేస్తూ కిందపడి ఆ పని పోగొట్టుకుంది. పదిహేనేళ్ల వయసులో మోడల్‌గా నిలబడడం మొదలుపెట్టింది. రెన్వార్, తులూజ్ లొత్రెక్ బొమ్మల్లో ఆమె ఉంది. మరీ కలలుగన్న స్వేచ్ఛ అంతా ఈమెకు పుట్టుకతోనే ఉంది. రాత్రిళ్లు వీధుల్లో తిరగొచ్చు, ఎవరూ అడగరు. జూలియన్ ఫీజు కట్టే స్తోమత మాత్రం కలలో కూడా లేదు. మోడల్‌గా నిలబడి వాళ్లు ఎలా గీస్తున్నారో చూసి నేర్చుకుంది. దెగా ఆమె గీతలు చూసి మెచ్చుకుని కొన్నాడు. 1894లో జాతీయ కళాసంఘం ప్రదర్శనలో ఆమె బొమ్మలు వచ్చాయి. తర్వాత ఆమె ఆడవాళ్ల నగ్న చిత్రాలు వేసింది, మగవాళ్లవీ వేసింది. ఆ ఆడవాళ్లు ఎవరి కోసమూ ఒళ్లు వంచి నిలబడరు. అలసిపోయి, బరువుగా, తమ పనిలో తాము ఉంటారు. నిలబడిన మనిషికి నడుము ఎక్కడ నొప్పి పుడుతుందో తెలిసిన చేయి అది.

కాబట్టి జమీందారీ పిల్ల కథ ఒక్కటే చెప్పుకుంటే సగం కథే అవుతుంది. కానీ బోజార్ గేటు మూసి ఉండటం వల్ల ఎక్కువ నష్టపోయింది ఎవరు? డబ్బున్న పిల్ల ప్రైవేటుగా కొనుక్కుంది. ఉచితంగా చదివే చోటు మూస్తే పూర్తిగా బయట పడింది వలాదోన్‌లాంటి వాళ్లే. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి గురించి మనం ఇవాళ మాట్లాడుకునేది దీనికి దూరం కాదు.

మరీ 1884 సలోన్‌కు ఒక పెద్ద చిత్రం పంపింది. వీధి మూల, చెక్కల దడి, ఆరుగురు బడిపిల్లలు గుమిగూడి ఏదో మంతనం ఆడుతున్నారు. నలిగిన బట్టలు, అరిగిన బూట్లు. అందరూ ఆ కుర్రాళ్లనే చూస్తారు. కుడివైపు చివర ఒక చిన్న పిల్ల మనకు వీపు పెట్టి ఒంటరిగా సందులోకి నడిచిపోతూ ఉంటుంది. ఆ మంతనంలో ఆమెకు చోటు లేదు. ఆమె వీధిలో ఒంటరిగా పోతోంది అనేది కూడా నిజమే. దీనికి ఏ అర్థం చెప్పాలో మీ ఇష్టం. ఈ చిత్రానికి తప్పకుండా పతకం వస్తుందనుకుంది, రాలేదు. బొమ్మ అంత బాగుంది కాబట్టి ఆమె వేసింది కాదు, స్నేహితుడు బాస్తియన్ లెపాజ్ సాయం చేసి ఉంటాడని కొందరు గుసగుసలాడారు. ఆడది బాగా వేయకపోతే ప్రతిభ లేదు. బాగా వేస్తే ఆమె వేయలేదు!

అప్పటికే క్షయ ముదిరింది. చెవులు కూడా సరిగ్గా వినపడవు. మోడళ్లకూ స్నేహితులకూ తెలియనివ్వకుండా దాచేది. ఏసు సమాధి దగ్గర నిలబడ్డ ఇద్దరు స్త్రీల పెద్ద చిత్రం ఒకటి మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయింది. అక్టోబర్ 31న చనిపోయింది. వీధి కుర్రాళ్ల చిత్రాన్ని మరుసటి ఏడాది ఫ్రెంచి ప్రభుత్వం కొన్నది, ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉంది. రష్యాకు తీసుకుపోయిన చిత్రాల్లో చాలావరకు రెండో ప్రపంచయుద్ధంలో నాశనమయ్యాయి.

చనిపోయాక కూడా ఆమెను వదల్లేదు. డైరీని 1887లో అచ్చేశారు. కుటుంబం, సంపాదకుడు కలిసి కత్తెర వేశారు. వయసు రెండేళ్లు తగ్గించారు, చిన్నపిల్ల ప్రతిభగా కనబడాలని. కుటుంబ గొడవలు తీసేశారు. స్త్రీల హక్కుల గురించి రాసినవి, ఓక్లేర్ బృందంతో సంబంధం, అవీ పోయాయి. మిగిలింది ఏమిటి? అందమైన, గర్విష్ఠి, జబ్బుపడి రాలిపోయిన పువ్వు. ఆ పువ్వును యూరప్ అంతా ప్రేమించింది, బ్రిటిష్ మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్‌తో సహా. పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఆమె చేతిరాత నోటుపుస్తకాలు ఎనభైకి పైగా భద్రంగానే ఉన్నాయి. వాటిని అచ్చు పుస్తకంతో పోల్చి చూసి, ఎంత కత్తిరించారో కొలెత్ కొస్నియే అనే పరిశోధకురాలు 1985లో బయటపెట్టింది. పూర్తి పాఠం పదహారు సంపుటాలుగా 2005 నాటికి గానీ రాలేదు. అంటే ఆమె ఏమనుకుందో తెలుసుకోవడానికి నూట ఇరవై ఏళ్లు పట్టింది.

గేటు ఎలా తెరుచుకుందో కూడా చెప్పాలి, అది దానంతట అది తెరుచుకోలేదు. ఎలెన్ బెర్తో అనే శిల్పి 1881లో చిత్రకారిణుల, శిల్పకారిణుల సంఘం పెట్టింది. ఈమె శిల్పి ఇంట పెరిగింది, స్త్రీలకు శిల్పం నేర్పే బడి సొంతంగా నడిపింది. సంఘం ఏటా స్త్రీల ప్రదర్శన పెట్టేది. 1885లో మరీ చిత్రాల ప్రదర్శన జరిపింది ఈ సంఘమే. 1889 నుంచీ బోజార్ ప్రవేశం కోసం గట్టిగా పట్టుబట్టింది. వినతిపత్రాలు, కమిటీలు, మంత్రుల చుట్టూ తిరగడం, మళ్లీ వినతిపత్రాలు. అధికారులు చెప్పిన సాకులు మనకు బాగా తెలిసినవే. గదులు లేవు, డబ్బు లేదు, అబ్బాయిల ఏకాగ్రత చెడుతుంది, మోడల్ ఇబ్బంది పడతాడు. బెర్తో తర్వాత వీర్జినీ దెమోన్ బ్రెతోన్ అధ్యక్షురాలై అదే పని కొనసాగించింది. 1896లో గ్రంథాలయంలోకి, ఉపన్యాసాలకు రానిచ్చారు. 1897లో తరగతుల్లోకి ఆడపిల్లలు అడుగుపెట్టారు. ఆ రోజు మగ విద్యార్థులు ఆడవాళ్లు బయటికి పోవాలని కేకలు వేస్తూ అల్లరి చేశారు. తరగతులు కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది. 1900లో స్త్రీలకు విడిగా స్టూడియో వచ్చింది, 1903లో రోమ్ బహుమతికి పోటీ పడే హక్కు వచ్చింది. 1911లో శిల్పంలో ఆ బహుమతి గెలిచిన మొదటి స్త్రీ లూసియెన్ హవల్‌మాన్స్.

ఆ బడికి మన దేశంతో ఒక ముడి ఉంది. 1929లో తల్లిదండ్రులతో పారిస్ వెళ్లిన అమృతా షేర్‌గిల్ కొద్ది నెలలు ఒక ప్రైవేటు స్టూడియోలో గడిపి, లూసియన్ సిమోన్ శిష్యురాలిగా ఎకోల్ దె బోజార్‌లోనే చేరింది. మోడల్‌ను ఎదురుగా పెట్టుకుని ఏళ్లపాటు గీసింది. ఆ కాలంలో ఆమె చేసిన బొగ్గు గీతల నగ్న చిత్రాలు చాలా మిగిలాయి. 1932లో వేసిన ఇద్దరు యువతుల చిత్రానికి మరుసటి ఏడాది సలోన్‌లో స్వర్ణపతకం ఇచ్చారు. 1934లో తిరిగివచ్చాక అజంతా, దక్షిణ భారతం తిరిగింది. ఆ ప్రయాణం తర్వాత వేసిన పెళ్లికూతురి అలంకరణ చిత్రంలో ఆ అమ్మాయి భుజాలు ఎలా కుదిరాయో చూడండి. ఇప్పుడు ప్రొజెక్టరు మీద అవే చూపించబోతున్నాను. ముందు జూలియన్ స్టూడియో చిత్రం వస్తుంది, ఆ తర్వాత వలాదోన్‌వి నాలుగు, చివర షేర్‌గిల్‌వి. ఎవరైనా ఆ కిటికీ తలుపులు కాస్త మూస్తారా?